మందిరానికి నల్లరాయి నేల

పాలెం, దర్శి
11 ఆగస్టు 2024, ఆదివారం

తమ్ముడు ఎలీషాకు,

ప్రభువు పేరట వందనాలు. నేను కుశలం. నువ్వూ, స్తుతీ అలాగే ఉండాలని ప్రార్థన.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో నువ్వు "ఒక్క నిమిషం అక్కా" అని పెట్టేస్తావు. ఆ నిమిషం పోయిన క్రిస్మస్‌కి మొదలైంది, ఇంకా అవలేదు. ఉత్తరానికి ఆ బాధ లేదు. నువ్వు ఎవరితో బేరమాడుతున్నా ఓపిగ్గా బల్లమీద కూర్చుంటుంది.

మన మందిరానికి నువ్వు పంపిన రాయి వచ్చింది. ఒంటె సూదిబెజ్జంలో దూరే సంగతి నాకు తెలియదు గానీ, నీ లారీ మాత్రం మన సందులో దూరలేదు. మీ డ్రైవరు మాలిక్ అరగంట ముందుకీ వెనక్కీ తిప్పి, చివరికి రోడ్డుమీదే ఆపేశాడు. రాళ్ళు మనవాళ్ళే మోశారు. పత్తికి మందు కొట్టే రోజులు, అయినా ఒక పూట కూలి మానుకుని వచ్చారు. ఆ సంగతి రాతిమీద చెక్కలేదు. చోటు చాలక కాబోలు.

చెక్కింది చదివాను. "కీ.శే. శాంతమ్మ జ్ఞాపకార్థం, కుమారుడు శ్రీ ఎలీషా, గ్రానైట్ కంపెనీ అధినేత" అని. అమ్మ పేరు వేలెడుంది. నీ పేరు జానెడుంది. కొడుకు తల్లిని మించాడంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు?

గుమ్మం దాటగానే మొదటి రాయి అదే. అమ్మ పేరు తొక్కకుండా లోపలికి రావాలంటే గెంతాలి. పిల్లలు గెంతుతున్నారు. ఆదెమ్మ ఉంది కదా, మిరపచేలో అమ్మకి పక్క సాలు మనిషి, నిన్ను చంకనేసుకుని కాయ కోసిన మనిషి. డెబ్బై దాటినా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ రాయి మీంచి అంగ వేస్తోంది. చూడముచ్చటగా ఉంది.

నేల అద్దమే. ఇన్నాళ్ళూ ప్రార్థనలో తల వంచడానికి బద్ధకించినవాళ్ళు కూడా ఇవాళ బాగా వంచారు, మొహాలు కనిపిస్తున్నాయని. దానిమీద నడవడం పేతురు నీళ్ళమీద నడిచినట్టుంది. విశ్వాసం తగ్గిన చోట జారుతున్నాం.

వేళకి తిను.

అక్క
జయకుమారి


చీమకుర్తి
19 ఆగస్టు 2024

ప్రియమైన అక్కయ్యకు,

ఎలీషా, స్తుతి ప్రభువు నామంలో అనేక వందనాలు. నీ ఉత్తరం అందింది. ఎంత ఆనందమయిందో చెప్పలేను. పేతురు నీళ్ళమీద నడిచినట్టుందన్న మాట దగ్గర స్తుతి కళ్ళు తుడుచుకుంది. ఆదివారం మా సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ ముక్క చదివాను. పదిహేను వందల మంది అక్కా, లేచి చప్పట్లు! నీ ఉత్తరం ఫొటో తీసి తెరమీద కూడా వేశారు. నీ దస్తూరీ ముత్యాలే అన్నారందరూ.

మా పాస్టరు గారు ఎప్పుడూ అంటుంటారు, దేవుడిచ్చిన ఆశీర్వాదాన్ని దాచిపెట్టకూడదు, నలుగురికీ చూపించాలని. అందుకే మొన్న కారు మార్చాను. నాకేం కారు పిచ్చి లేదు. చూపించడానికే.

నీకు గుర్తుందా, మన చిన్నప్పుడు మందిరంలో మట్టినేల. శనివారం శనివారం అమ్మా ఆదెమ్మ పెద్దమ్మా పేడతో అలికేవాళ్ళు. ఆదివారం అమ్మ పక్కన కూర్చుంటే లాగు వెనక బూడిదరంగు మరక. నాకున్నది ఆ ఒక్క లాగే. సోమవారం బళ్ళో దాన్ని చూసి, "ఒరేయ్, పాలెంవాడు ముద్ర వేయించుకొచ్చాడ్రా" అనేవాళ్ళు. ఆ నేల ఇక ఎవరి కంటా పడకుండా చేస్తానని అప్పుడే అనుకున్నాను. దేవుడు నెరవేర్చాడు.

ఫ్రిజ్ ఎలా పనిచేస్తోంది? రాయలేదేం? మీ ఇంటి రేకులు తీయించి స్లాబ్ వేయిస్తానన్నాను, దానికీ జవాబు లేదు. దయచేసి "నాకు చాలు" అని మాత్రం రాయకు. బావ పోయినప్పట్నుంచీ ఆ ఒక్క మాటే వింటున్నాను.

ప్రభువు కృపలో,
నీ తమ్ముడు
ఎలీషా


పాలెం
1 సెప్టెంబరు 2024, ఆదివారం

తమ్ముడికి వందనాలు.

నా దస్తూరీ తెరకెక్కిందని తెలిసి సంతోషం. ఇన్నేళ్ళూ అంగన్‌వాడీ రిజిస్టర్లలో మగ్గిపోయింది పాపం.

ఫ్రిజ్ దివ్యంగా ఉంది. బైబిలూ, పాటల పుస్తకాలూ, పిల్లల బొమ్మల అట్టలూ అందులో సర్దాను. ఎలుక దూరదు, చెద పట్టదు. కరెంటు కూడా అక్కర్లేదు. ఇంత మంచి బీరువా దర్శి మొత్తంలో లేదు.

రేకుల సంగతి. వానొస్తే ఇంట్లో చక్కటి వాయిద్యం. స్లాబ్ ఇళ్ళవాళ్ళకి ఆ భాగ్యం లేదు. నాకు చాలు.

మన పాస్టరు ఇమ్మానియేలు గారు ఈ మధ్య పీఠాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ప్రసంగిస్తున్నారు. ఆత్మావేశమని అందరూ మెచ్చుకుంటున్నారు. కాళ్ళ కింద చూసినవాళ్ళకి వేరే కారణం కనబడుతుంది.

ఇక మిగిలింది మెట్లే. అవి పాత సిమెంటువి, పాపం, నీ నేల ముందు చిన్నబోతున్నాయి. వాటికీ వేయించు మరి. పరలోకానికి దారి ఇరుకని వింటూ వచ్చాం. నునుపని కూడా తెలిస్తే మంచిదే.

స్తుతిని అడిగానని చెప్పు.

అక్క


చీమకుర్తి
12 సెప్టెంబరు 2024

అక్కా,

తొందరలో రాస్తున్నాను, ఓడరేవుకి వెళ్ళే లోడు ఎదురుగా ఉంది. మెట్లకి రాయి కోయించాను. ఈసారి నేలకన్నా మంచి పాలిష్, నేనే దగ్గరుండి పట్టించాను. ఎల్లుండి మాలిక్ తెస్తాడు. మోయడానికి మనుషుల్ని కూడా పంపుతున్నాను, మనవాళ్ళెవరూ కూలి పోగొట్టుకోవద్దు.

ముప్పై ఏళ్ళలో నన్ను నువ్వు అడిగిన మొదటి వస్తువు ఇదే. స్తుతితో చెప్పాను, "మా అక్క నన్నొకటి అడిగిందే" అని. చిన్నపిల్లాడిలా చెబుతున్నానట, నవ్వింది.

నీ
ఎలీషా


పాలెం
14 అక్టోబరు 2024, సోమవారం

ఎలీషాకు,

ఆదెమ్మ పడిపోయింది.

నిన్న ఆరాధనకి వస్తూ. పొద్దున్నుంచీ ముసురు. బురదకాళ్ళతో నీ మెట్లెక్కింది. గుమ్మం దగ్గర ఎప్పట్లాగే కుచ్చిళ్ళు ఎత్తి, అమ్మ పేరు తొక్కకుండా అంగ వేసింది. పై మెట్టుమీదున్న కాలు జారింది. తుంటి విరిగింది. దర్శిలో చూసి ఒంగోలు పంపారు. ఇవాళ రాడ్డు వేస్తారట. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

పడ్డాక ఆమె మొదట అడిగింది, "శాంతమ్మ పేరు తొక్కానా?" అని. లేదని చెప్పాను.

నీ రాయి క్షేమం. గీత కూడా పడలేదు. నీ పేరుమీద కొంచెం బురదైతే కడిగేశారు. ఇది కూడా సాక్ష్యంలో చదువు. మళ్ళీ లేచి చప్పట్లు కొడతారు.

జయకుమారి


చీమకుర్తి
19 అక్టోబరు 2024

అక్కా,

పెద్దమ్మ ఆసుపత్రి ఖర్చుకని మాలిక్‌కి డబ్బిచ్చి పంపాను. "మాకు చాలు, తీసుకెళ్ళు" అని తిప్పి పంపావట. ఆవిణ్ణి అడిగావా? విరిగింది ఆవిడ తుంటి. చాలు అనేది నువ్వు.

నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. మొదటి దాంట్లో జారుతున్నాం అని ఉంది. రెండో దాంట్లో పాస్టరు గారు పీఠం పట్టుకుంటున్నారని ఉంది. దారి నునుపని ఉంది. ఆదెమ్మ పెద్దమ్మ అంగ వేస్తోందని కూడా రాశావు, చూడముచ్చటగా ఉందని రాశావు. అన్నీ ఉన్నాయి అక్కా. "ఎలీషా, జారుతోంది, గరుకు చేయించు" అన్న నాలుగు మాటలే లేవు.

నేను పదో తరగతి తప్పి సుత్తి పట్టినవాణ్ణి. నాకు పొగడ్తకీ ఎగతాళికీ తేడా తెలియలేదు. మా సంఘంలో పదిహేను వందల మందికీ తెలియలేదు. నువ్వు మెట్లు అడిగావనుకున్నాను. అడిగావనుకుని దగ్గరుండి పాలిష్ పట్టించాను. పెద్దమ్మ జారింది ఆ పాలిష్ మీదే.

నా పేరు పెద్దగా వేయించుకున్నాను, తప్పే. నేను రాయికి పాలిష్ పెడతాను. నువ్వు నీ లేమికి పెడతావు. రెండిట్లో నీదే ఎక్కువ మెరుస్తుంది. దానిమీద నేనెన్నిసార్లు జారిపడ్డానో నీకు తెలియదు. చీర తెస్తే "నాకు చాలు", ఫ్రిజ్ తెస్తే బీరువా, నేనొస్తే "కారులోనే కూర్చో, మట్టంటుతుందేమో". ఇంక నేను దేన్ని చేతబట్టుకుని మీ గుమ్మంలోకి రావాలి?

ఎలీషా


పాలెం
10 నవంబరు 2024, ఆదివారం

తమ్ముడు ఎలీషాకు వందనాలు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలయింది. జవాబు నాలుగుసార్లు రాశాను. నాలుగూ చక్కగా కుదిరాయి. కుదిరాయనే చింపేశాను.

ముందు ఇక్కడి విశేషాలు. మందిరంలో ఇంకెవరూ పడకూడదని ఆడవాళ్ళు నేలంతా గోనెపట్టాలు పరిచారు. నిరుడు మిరపకాయలు తొక్కిన గోనెలు. ఎంత దులిపినా ఘాటు పోలేదు. ఇమ్మానియేలు గారు ధనాశ గురించి ప్రసంగం మొదలుపెట్టేసరికి ముందు వరుస కన్నీళ్ళు పెట్టుకుంది. కాసేపటికి సంఘమంతా ముక్కులు చీదుతోంది. ఇన్నేళ్ళ సేవలో ఇంత పశ్చాత్తాపం చూడలేదని ఆయన కూడా ఏడ్చారు, ఆయనకీ ఘాటెక్కింది. నీ రాయి ఇప్పుడు ఎవరి కంటా పడటం లేదు. మెరుపంతా గోనె కింద ఉంది.

ఆదెమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. వచ్చిన రోజే అడిగింది.

"ఎలీషాగాడు రాలేదేంటే?"

"డబ్బు పంపాడు."

"డబ్బుకి కాళ్ళుండి వచ్చింది. వాడికి లేవా?"

ఆ డబ్బు తిప్పి పంపానని చెప్పాల్సి వచ్చింది. మంచంమీంచి లేవలేదు గానీ, లేచుంటే కొట్టేదే. "నా తుంటికొచ్చిన డబ్బు వద్దనడానికి నువ్వెవతివే? పెద్ద పరిశుద్ధురాలివి!" అంది. మాలిక్‌ని మళ్ళీ పంపు.

ఇక నా సంగతి. నేల జారుతోందని నాకు మొదటి ఆదివారమే తెలుసు. నేనే రెండుసార్లు జారాను. నాలుగు మాటల్లో అయిపోయే దానికి అంత అందమైన వాక్యం ఎందుకు రాశానో దేవుడి ముందు కూర్చుని నన్ను నేనే అడిగాను. అందంగా ఉందనే రాశాను. నువ్వు జానెడు పేరు రాతిమీద వేయించుకున్నావు. నేను ఉత్తరానికింత కాగితం మీద వేసుకున్నాను. తక్కువతో సరిపెట్టుకోవడం వచ్చు గనుక తృప్తి తెలుసనుకున్నాను. పుచ్చుకోవడం రానిదాన్ని, నాకేం తెలుసు? చాలు అన్న మాటని దేవుడికి చెబుతున్నాననుకుంటూ నీ మొహంమీద తలుపేశాను.

మొన్న మూడో తేదీ ప్రభురాత్రి భోజన సంస్కారం. నీకు తెలుసు, తోబుట్టువుతో పొరపొచ్చం పెట్టుకుని మనం రొట్టె ముట్టం. పళ్ళెం నా దాకా వచ్చింది. పక్కకి అందించాను. అమ్మ చేతిమీదుగా మొదటిసారి తీసుకున్నప్పట్నుంచీ ఎన్నడూ అలా జరగలేదు. చూసినవాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. నిజమే.

మెట్లు నేనడగలేదు గనుక, నిన్ను మొదటిసారి అడుగుతున్నది ఇదే అనుకో. ఎలీషా, నేల జారుతోంది. గరుకు చెయ్యాలి. నువ్వు రావాలి. మళ్ళీ సంస్కారం డిసెంబరు ఒకటిన.

ఇందులో ఎగతాళి లేదు. రెండుసార్లు చదువు.

అక్క
జయ


చీమకుర్తి
22 నవంబరు 2024

అక్కయ్యకు వందనాలు.

రెండుసార్లు చదివాను. ఎందుకైనా మంచిదని స్తుతి చేత కూడా చదివించాను. లేదంది.

ఒక సంగతి చెప్పలేదు నీకు. పోయిన నెల ఇరవయ్యో తేదీన వచ్చాను. రోడ్డుమీద కారాపాను. ఆడవాళ్ళు గోనెపట్టాలు నెత్తిన పెట్టుకుని మందిరంలోకి మోస్తున్నారు. వాళ్ళలో నువ్వున్నావు. పెద్దమ్మ పడిందని నువ్వు రాసిన ఉత్తరం కారులోనే ఉంది. నన్ను చూడగానే నువ్వు అనబోయే మాట కూడా నాకు వినబడింది, నువ్వు అనకముందే. మాలిక్‌తో "వెనక్కి తిప్పు" అన్నాను. ఆ రోజు లారీ కాదు అక్కా, నేనే మన సందులో దూరలేదు.

రాయి గరుకు చేసే యంత్రం మా దగ్గరుంది. ఇద్దరు మనుషుల్ని పంపితే ఒక పూట పని. పంపను. కొట్లో వెతికితే నా పాత సుత్తి దొరికింది, పళ్ళున్నది. పదిహేనేళ్ళయింది పట్టుకుని. పాలిష్ అయిన పలకమీద బలంగా కొడితే పగులుతుంది, మెత్తగా కొడితే పాలిష్ పోదు. చెయ్యికింకా ఆ లెక్క గుర్తుందో లేదో.

బుధవారం బస్సులో వస్తున్నాను. మెట్లు, గుమ్మం, నడిచే దారి వరకు నేను చేస్తాను. చేతులకి చుట్టుకోవడానికి పాతగుడ్డలు ఉంచు. పెద్దమ్మకి చెప్పు, కాళ్ళున్నాయని.

నీ తమ్ముడు
ఎలీషా


పాలెం
2 డిసెంబరు 2024, సోమవారం

తమ్ముడు ఎలీషాకు,

ప్రభువు పేరట వందనాలు. చేతులెలా ఉన్నాయి? అధినేత గారి అరచేతుల్లో బొబ్బలు లేచాయని ఆదెమ్మ పాలెమంతా చాటించింది. దానికి కూడా శిలాఫలకం వేయిస్తారేమో, ఈలోగా తగ్గించుకో.

మూడు రోజుల నీ సుత్తి దెబ్బలకి మా కోడి గుడ్డు పెట్టడం మానేసింది. రెండు పలకలు పగిలాయని నువ్వు తెగ బాధపడ్డావు. ఆ పగుళ్ళలో పిల్లలు నిన్న గోళీలు దొర్లించి చూశారు. బాగా ఆగుతున్నాయట.

నీ పేరు నువ్వే ముందు కొట్టావు. చూడనట్టు ఊరుకున్నాను. అమ్మ పేరు దగ్గర నీ చెయ్యి ఆగింది. అదీ చూశాను. కుర్చీలోంచి ఆదెమ్మ అరిచింది నీకు సుత్తి చప్పుడులో సగమే వినబడి ఉంటుంది. పూర్తిగా రాస్తున్నాను.

"కొట్టరా ఒరేయ్! మీ అమ్మ పేరు నా నోట్లో ఉంది. రాతిమీద ఉంటే తొక్కాలి. నోట్లో ఉంటే పిలుచుకోవచ్చు."

శనివారం లోడుందని వెళ్ళిపోయావు. ఆదివారం దాకా ఉండమంటే ఓడ ఆగదన్నావు. నిన్ను అనడానికి ఇదొక్కటన్నా మిగిల్చినందుకు కృతజ్ఞతలు.

నిన్న మళ్ళీ ముసురు. ఆదెమ్మ ఒక చేత్తో వాకరు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర అలవాటుగా కుచ్చిళ్ళు ఎత్తింది. గుర్తొచ్చి వదిలేసింది. అరికాలు మొత్తం ఆనించి, ఓసారి అటూ ఇటూ రుద్ది చూసింది.

"ఇప్పుడు మన నేలలాగుందే," అంది.

నిజంగానే ఉంది. సుత్తి పడిన మేర నల్లరాయి బూడిదరంగయింది, శనివారం అలికి ఆదివారానికి ఆరిన మట్టిలాగా. నువ్వు ఎవరి కంటా పడకూడదనుకున్న నేల, ఇంత ఖర్చుపెట్టి, చేతులు బొబ్బలెక్కించుకుని, మళ్ళీ నువ్వే బయటికి తీశావు. వెనకటి లాగు ఉంటే తెచ్చుకో. ముద్ర పడుతుందేమో చూద్దాం.

గోనెపట్టాలు తీసేశారు. నిన్న ప్రసంగానికి ఒక్కరూ ఏడవలేదు. ఇమ్మానియేలు గారు కొంచెం డీలా పడ్డారు.

రొట్టె పళ్ళెం వచ్చింది. తీసుకున్నాను.

రేకుల సంగతి వచ్చే ఏడు చూద్దాంలే. ఒకేసారి అన్నీ పుచ్చుకుంటే నాకు జబ్బు చేస్తుంది. ఫ్రిజ్ మాత్రం ఖాళీ చేసి పొద్దున ప్లగ్గు పెట్టాను. ఆదెమ్మ తుంటి వాపుకి ఐసు పెట్టమన్నారు, మజ్జిగ కూడా చల్లగా కావాలంటోంది. పుస్తకాలు మళ్ళీ ఎలుకలపాలు. ప్లగ్గు పెట్టినప్పట్నుంచీ ఫ్రిజ్ మూలన కూర్చుని గురకపెడుతోంది, అచ్చం నీలాగే. ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుంది.

అక్క
జయ